జెయింట్ వీల్ దగ్గర నిలబడే ఉద్యోగమా?

అంబాజీపేట నుంచి ఒక అమ్మ రాశారు. వాళ్ల అమ్మాయి హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చివరి సంవత్సరం చదువుతోంది. సిటీ బయట ఉన్న ఒక అమ్యూజ్‌మెంట్ పార్కుకి ఆపరేషన్స్ ట్రైనీగా క్యాంపస్‌లోనే సెలెక్టయింది. ఇంకోపక్క ఒక కన్సల్టెన్సీ వాళ్లు లక్షా ఎనభై వేలు కడితే అబుదాబిలో థీమ్ పార్కు ఇంటర్న్‌షిప్ ఏడాదిపాటు ఇప్పిస్తామంటున్నారు. ఈలోగా అమ్మాయి ఓ లిస్టు రాసి పెట్టుకుంది: రోలర్ కోస్టర్ ఇస్తే సరే, వేవ్ పూల్, దెయ్యాల ఇల్లు, పిల్లల రైలు మాత్రం చచ్చినా వద్దు. ఏ రైడ్ మంచిది, దేన్ని వద్దనాలి, రెండు ఆఫర్లలో ఏది మేలు, పోల్చి చెప్పమన్నారు. చివర్లో ఒక్క ముక్క: "మా తోటికోడలి కూతురు సాఫ్ట్‌వేర్‌లో ఉంది, మా అమ్మాయి జెయింట్ వీల్ తిప్పుతోందని ఎలా చెప్పుకోమంటారు?"

అమ్మా, మీ ఉత్తరమంతా ఆ చివరి ముక్క కోసమే రాశారు. తప్పేం లేదు, ఇలాంటివి నాకు అలవాటే. పిల్లాడు కిచెన్‌లో చేరితే వంటవాడయ్యాడా అంటారు, ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ స్టాఫ్‌గా చేరితే సామాన్లు మోస్తాడా అంటారు. మీ కళ్లముందున్నది కనుమకి జరిగే జగ్గన్నతోట తీర్థంలో రంగులరాట్నం అని నాకు తెలుసు. బీడీ నోట్లో పెట్టుకుని ఒక చేత్తో కడ్డీ లాగేవాడు, రెండో చేత్తో చిల్లర లెక్కపెట్టుకునేవాడు. మీ అమ్మాయి చేరబోయే చోట ఉదయం గేట్లు తెరవకముందే ప్రతి రైడ్‌నీ ఖాళీగా తిప్పి చూస్తారు, చెక్‌లిస్టు మీద సంతకం పెట్టందే ఒక్క మనిషిని ఎక్కించరు. ప్రతిసారీ ప్రతి సీటు దగ్గరా ఆగి, లాక్ పడిందా లేదా అని చేత్తో గుంజి చూడాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వందలసార్లు. ఆ గుంజడంలో ఒక్కసారి పరధ్యానంగా ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. దీన్ని "తిప్పడం" అనేసి వదిలేశారు చూడండి, అక్కడే నాకు కోపం వచ్చింది.

ఇక పాప రాసిన లిస్టు. ఏమీ అనుకోవద్దు, అది టికెట్ కొని లోపలికొచ్చినవాళ్ల లిస్టు. ఎక్కేవాళ్లకి నచ్చిన రైడూ, పక్కన ఎనిమిది గంటలు నిలబడేవాళ్లకి నచ్చిన రైడూ ఒకటే అయిన సందర్భం నేనైతే చూడలేదు. పైగా ట్రైనీని ఎవరూ నీకేది కావాలి అని అడగరు. రోజూ మారుస్తారు, ఒక్కోసారి పూటకోచోట వేస్తారు.

రోలర్ కోస్టర్ సంగతే తీసుకోండి. ఫోటోకి బావుంటుంది. పనిలో అంత విసుగు పుట్టించేది ఇంకోటి లేదు. నిమిషం తిరగ్గానే మళ్లీ అదే కళ్లజోడు తీసెయ్యండి, అదే ఫోన్ లాకర్‌లో పెట్టండి, అదే చేతులు లోపల. వానకో, సెన్సర్ పనిచేయకో ఆగిపోయిందా, గంట నుంచి లైన్లో ఉన్న వందమంది కోపమంతా పాప మీదే. ఎత్తు కొలిచే కర్ర దగ్గరైతే మరీను. పిల్లాడు రెండు సెంటీమీటర్లు తక్కువున్నాడు, ఎక్కించనంటే వాళ్ల నాన్న మేనేజర్ని పిలవమంటాడు, నేనెవరో తెలుసా అంటాడు. చెప్పులు మడమ కింద మడతపెట్టి పిల్లాణ్ణి ఎత్తు చూపించిన తండ్రుల గురించి నా దగ్గర చదువుకున్న పిల్లలే చెప్పారు. అంత దూరం నుంచి పిల్లాణ్ణి తెచ్చి, ఆ రెండు సెంటీమీటర్ల కోసం వాడి ప్రాణంతో బేరమాడతారేమిటో.

పిల్లల రైలు వద్దనడానికి కారణం అక్కడ ఆగకుండా మోగే పాట అయ్యుంటుంది, అది నేను ఒప్పుకుంటాను. అమెరికాలో డిస్నీ పార్కుల్లో 'ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్' అని బొమ్మల మధ్య పడవలో తిప్పే రైడ్ ఉంది. 1964లో న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్ కోసం కట్టారు. ఒకే పాట, ఆపకుండా, పడవ ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా. ఎక్కినవాళ్లు పావుగంటకి బయటికొచ్చేస్తారు, అక్కడ పనిచేసేవాళ్లకి డ్యూటీ అంతా అదే. ఆ పాట మీద జోకులు అందుకే పుట్టాయి. మన దగ్గర బొమ్మ రైలైనా, గుర్రాల రాట్నమైనా అదే కథ. ఓసారి ఒక స్టూడెంట్‌ని చూద్దామని వెళ్లి రైలు ప్లాట్‌ఫాం మీద రెండు గంటలు కూర్చున్నాను. రాత్రి పళ్లెం ముందు కూర్చున్నా చెవిలో అదే కూత, అదే ట్యూన్. కానీ ఆ అమ్మాయి అక్కడ మూడు నెలల్లో నేర్చుకున్నది వేరే ఎక్కడా దొరకదు: ఏడ్చే పిల్లని, అరిచే అమ్మని, వీడియో తీస్తూ గీత దాటి వచ్చే మావయ్యని ఒకేసారి ఎలా పట్టుకోవాలో.

దెయ్యాల ఇల్లు విషయంలో పాప పక్షమే నేను. చీకట్లో భయపడ్డవాళ్లు చెయ్యి విసిరేస్తారు, దెయ్యం మాస్క్ వేసుకుని నిలబడ్డ స్టాఫ్ మొహానికి తగులుతుంది. ఆడపిల్లకి ఇంకో బాధ కూడా ఉంది, మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఒంటరిగా వేస్తారా, లోపల కెమెరాలున్నాయా, పిలిస్తే ఎవరు ఎంతసేపట్లో వస్తారు అని జాయినింగ్ రోజునే అడగమనండి. సరైన జవాబు రాకపోతే అక్కడ చెయ్యనని చెప్పే హక్కు పాపకుంది. ఇలా అడిగితే ఉద్యోగం పోతుందేమో అని మీరు వెనక్కి లాగకండి.

లిస్టులో లేనిది ఒకటి నేను కలుపుతాను, గో కార్టింగ్, అంటే పైకప్పు లేని బుల్లి కార్లు ట్రాక్ మీద నడపడం. ఎండలో పెట్రోలు వాసన, చెవులు గింగురుమనే మోత, వీటన్నిటికీ మించి చున్నీలూ జడలూ. చక్రం ఇరుసుకి ఒక్క చున్నీ కొస చుట్టుకుంటే చాలు. ప్రతి అమ్మాయినీ ఆపి, చున్నీ తీయించి, జుట్టు లోపలికి కట్టించి పంపాలి, ప్రతి ఒక్కరూ మొహం చిట్లించుకుంటారు.

వేవ్ పూల్ మాత్రం వద్దనొద్దని చెప్పండి. కష్టం నిజమే. ఎండకి కాలిన కుర్చీ, క్లోరిన్‌కి పాచిపోయిన పాదాలు, కాటన్ బట్టలతో దిగొద్దంటే గొడవ, చీరకట్టుతో దిగిపోయే పెద్దమ్మలు. అలలు మొదలయ్యే సైరన్ మోగగానే రెండు వందల తలలు ఒకేసారి పైకీ కిందకీ. అందులో అరిచేవాళ్లంతా సరదాకి అరుస్తున్నవాళ్లే, నిజంగా మునిగేవాడికి అరిచే ఊపిరి ఉండదు, నిశ్శబ్దంగా వెళ్లిపోతాడు. అందుకే లైఫ్‌గార్డులకి 10/20 అని ఒక లెక్క నేర్పుతారు: పది సెకన్లలో తన వంతు నీళ్లంతా కళ్లతో చుట్టిరావాలి, ప్రమాదం కనబడితే ఇరవై సెకన్లలో మనిషి దగ్గర ఉండాలి. పాపకి ఈత వచ్చా? మీరు రాయలేదు. కోనసీమలో కాలవ గట్టున పుట్టిన పిల్లకి ఈత నేర్పించకపోతే అది వేరే తగువు. వస్తే ఆ లైఫ్‌గార్డు ట్రైనింగ్ తీసుకోమనండి, గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కే సీపీఆర్‌తో సహా. రేపు పెద్ద హోటల్లో పూల్ చూసుకోవాలన్నా, రిసార్ట్‌కి వెళ్లినా, క్రూయిజ్ ఎక్కినా చూపించుకోవడానికి పనికొచ్చే కాగితం అది. రోలర్ కోస్టర్ పక్కన నిలబడ్డ ఫోటోకి ఆ విలువ లేదు.

ఇప్పుడు అబుదాబి. దీని మీద నాకు అనుమానాలు చాలా ఉన్నాయి కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను. ఆ ఊళ్లో పార్కులు గొప్పవే. ఫెరారీ వరల్డ్ 2010లో తెరిచారు, ఫార్ములా రోసా అనే కోస్టర్ గంటకి 240 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది, ముందు వరసైనా వెనక వరసైనా కళ్లకి అద్దాలు పెట్టుకోవాల్సిందే. వార్నర్ బ్రదర్స్ వరల్డ్ 2018లో వచ్చింది, అంతా ఏసీ కప్పు కిందే. పార్కు నేరుగా తీసుకుంటే నేనే టికెట్ బుక్ చేసుకోమంటాను. కానీ మీకు వచ్చింది పార్కు ఆఫరా? లెటర్ మీద పార్కు పేరుందా, మనుషుల్ని వేరే చోట్లకి పనికి పంపే సప్లై కంపెనీ పేరుందా? మీ చుట్టుపక్కల గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు ఇంటికొకరున్నారు, ఆ మాటకి అర్థం వాళ్లని అడగండి. సప్లై కంపెనీ అయితే పాపని ఈ నెల పార్కులో, వచ్చే నెల మాల్‌లో పాప్‌కార్న్ కౌంటర్‌లో వేయొచ్చు, గదికి ఎంతమంది ఉంటారో వాళ్లిష్టం. మన ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంట్ అభ్యర్థి నుంచి తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. విదేశాలకి పనికి వెళ్లేవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ సైట్‌లో ఆ ఏజెంట్ల పేర్లుంటాయి. లక్షా ఎనభై వేలు ఏ లెక్కన అడిగారో? నేను చూసినంతవరకు ఉద్యోగం అంటే లెక్క చెప్పాల్సొస్తుందని ఇంటర్న్‌షిప్ ప్యాకేజీ అంటారు. విజిట్ వీసా మీద పంపించి అక్కడ మారుస్తాం అన్నారంటే ఇక మాట్లాడకండి, ఆ వీసా మీద పనిచేయడం అక్కడ నేరం.

విదేశం అనగానే తోటికోడలికి చెప్పుకోవడానికి బావుంటుందని మీరు మొగ్గుతున్నారేమో, నాకలా అనిపించింది. ఇంటికి దగ్గర్లో ఉచితంగా వచ్చినదానికి సిగ్గుపడి, దూరంగా డబ్బు కట్టి తెచ్చుకునేదానికి గర్వపడటం ఏంటమ్మా? అక్కడ పాప చేసేది కూడా ఆ లాక్ గుంజి చూసే పనే.

హైదరాబాద్ ఆఫర్‌ని నేనేం నెత్తిన పెట్టుకోవట్లేదు. జీతం మొదట్లో హోటల్ ట్రైనీకి అటూఇటూ ఉంటుంది. మన దేశంలో పెద్ద పార్కులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వండర్‌లానే చూడండి, 2000లో కొచ్చి, 2005లో బెంగళూరు, 2016లో హైదరాబాద్, 2024లో భువనేశ్వర్, 2025లో చెన్నై. కొత్త పార్కు తెరిస్తేనే పైన కుర్చీలు ఖాళీ అవుతాయి, అందాకా సూపర్‌వైజర్ దగ్గరే ఏళ్లు గడిచిపోవచ్చు. పండగలే సీజన్. కనుమ నాడు ప్రభలు ఊరేగుతుంటే పాప వేవ్ పూల్ దగ్గర విజిల్ వేస్తూ ఉంటుంది, దానికి మీరిద్దరూ ఇప్పుడే సిద్ధపడండి. అయినా రెండేళ్లు చేసి వస్తే గుంపుని, కంప్లైంట్‌ని, ప్రమాదాన్ని చూసిన పిల్లగా బయటికొస్తుంది. హోటళ్లు, ఎయిర్‌పోర్టులు, మల్టీప్లెక్సులు అలాంటి పిల్లల కోసం చూస్తుంటాయి. మీ భయం నాకు అర్థమవుతుంది, కానీ పాప దారి తప్పలేదు.

ఒక పని చేయండి. మే నెలలో ఒక ఆదివారం పాపని తీసుకుని ఆ పార్కుకే టికెట్ కొని వెళ్లండి. ఏమీ ఎక్కొద్దు. ఒక్కో రైడ్ దగ్గర అరగంట నీడలో నిలబడి, ఎక్కేవాళ్లని వదిలేసి యూనిఫాంలో ఉన్నవాళ్లని చూడండి. ఎంతసేపటికి ఒకరి స్థానంలో ఇంకొకరు వస్తున్నారు, నీళ్లు తాగడానికి వదులుతున్నారా, ఎవరైనా అరిస్తే సూపర్‌వైజర్ ఎవరి వైపు నిలబడుతున్నాడు. ఆ తర్వాత పాప లిస్టు మళ్లీ రాయమనండి, నాకూ ఒక కాపీ పంపండి. కన్సల్టెన్సీ వాళ్ల అగ్రిమెంట్ కూడా ఫోటో తీసి పంపండి, డబ్బు కట్టకముందే.