వైరస్ పుస్తకం చదివినప్పటి నుంచి నిద్ర లేదు.. నాకు ఎబోలా సోకిందా డాక్టర్?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. కర్నూలులో రూమ్ తీసుకుని గ్రూప్-2కి చదువుతున్నాను. పదిహేను రోజుల కిందట స్టడీ హాల్ ఫ్రెండ్ ఒకడు ఇంగ్లీషు పుస్తకం ఇచ్చాడు. ఎబోలా, మార్బర్గ్ వైరస్‌ల గురించి నిజంగా జరిగిన సంగతులను థ్రిల్లర్‌లా రాశారు. రెండు రాత్రుల్లో మూడొంతులు చదివేశాను. అందులో ఒకతను గుహలోకి వెళ్లొచ్చాక జబ్బుపడి, రక్తం కక్కుకుని చనిపోతాడు. నేను ఆ పుస్తకం పట్టుకోవడానికి సరిగ్గా వారం ముందే మేం నలుగురం బెలుం గుహలు చూసి వచ్చాం. లోపల గబ్బిలాలు కూడా కనిపించాయి. అది గుర్తొచ్చినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. సాయంత్రం ఒళ్లు వేడిగా ఉంటోంది, థర్మామీటర్‌లో 99.2 చూపిస్తోంది. గుండె దడ. కళ్లు ఎర్రబడ్డాయేమోనని రోజుకు పదిసార్లు అద్దం చూసుకుంటున్నాను. బస్సులో ఎవరైనా దగ్గితే దిగిపోతున్నాను. చేతులు కడిగి కడిగి చర్మం పగిలింది. సీబీపీ, డెంగీ టెస్టులు చేయిస్తే ప్లేట్‌లెట్లు 1.9 లక్షలు, డెంగీ లేదని వచ్చింది. అదే పుస్తకం చదివిన ఫ్రెండేమో 'సినిమా చూసినట్టుంది మామా' అని నవ్వుతున్నాడు. అమ్మ ఊరి నుంచి వచ్చి ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసి వెళ్లింది. ఎబోలా టెస్టు ఎక్కడ చేస్తారు? మిగిలిన అరవై పేజీలు చదవొచ్చా?
- ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ముందు మీ భయం సంగతి తేల్చేద్దాం. మీకు ఎబోలా లేదు, మార్బర్గ్ కూడా లేదు. మీరు రాసిన లెక్క ప్రకారమే గుహలకు వెళ్లి ఇవాళ్టికి 22 రోజులు దాటింది. ఈ రెండు వైరస్‌లు ఒంట్లో చేరితే 2 నుంచి 21 రోజుల్లోపు బయటపడతాయి. అవి మొదలైతే 99.2తో ఆగవు. ఉన్నట్టుండి తీవ్రమైన జ్వరం, ఒళ్లు విరిచేసే నొప్పులు, ఆపైన వాంతులు, విరేచనాలు. స్టడీ హాల్‌కు వెళ్లడం కాదు కదా, మంచం దిగడమే కష్టమవుతుంది. కూర్చుని నాకు ఇంత పొడుగు ఉత్తరం రాసే ఓపిక ఉండదు.

టెస్టు అడిగారు. మన ఊరి ల్యాబుల్లో అది చేయరు. ఇలాంటి ప్రమాదకరమైన వైరస్‌లను పరీక్షించే ఏర్పాటు పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీలో ఉంది. ఆ జబ్బు ఉన్న ప్రాంతం నుంచి వచ్చినవాళ్లకో, రోగిని తాకినవాళ్లకో అయితేనే శాంపిల్ పంపుతారు. బెలుం టికెట్ చూపించి అడిగితే ఎవరూ పంపరు, పంపకూడదు కూడా.

ఇక గుహ సంగతి. మీరు చదివింది కెన్యాలో ఎల్గన్ పర్వతం మీదున్న కిటుం గుహ గురించి. 1980లో ఒకరికి, 1987లో ఒకరికి మార్బర్గ్ సోకింది, ఇద్దరూ అంతకుముందు ఆ గుహ చూసొచ్చినవాళ్లే. ఆ వైరస్‌ను మోసేది ఆఫ్రికాలో ఉండే ఒక రకం పండ్లు తినే గబ్బిలం. ఉగాండాలో గని సొరంగాల్లో ఉండే ఆ గబ్బిలాల నుంచి వైరస్‌ను వేరు చేసి మరీ చూశారు. మన దేశంలో గుహలోకి వెళ్లి మార్బర్గ్ తెచ్చుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. బెలుం లోపల ఉక్క, చెమట, గాలి ఆడనట్టు అనిపించడం ఎవరికైనా ఉంటుంది. నేనూ పాతాళగంగ దాకా దిగి, చొక్కా పిండుకుంటూ పైకొచ్చాను.

మీ లక్షణాలు అబద్ధమని నేను అనడం లేదు. దడ నిజమే, వేడి నిజమే, చిగుళ్ల రక్తమూ నిజమే. వాటికి మీరు వెతికిన కారణమే తప్పు. సాయంత్రం పూట ఒంటి వేడి 99 దాటడం మామూలే. కర్నూలు ఎండకు కాగిన స్లాబు కింద, చిన్న రూములో ఉంటే చెప్పనక్కర్లేదు. 100.4 దాటితేనే మేం జ్వరం అంటాం. నిద్ర లేని కళ్లు ఎర్రగానే ఉంటాయి. భయపడ్డప్పుడు ఒంట్లో అడ్రినలిన్ ఎక్కువై గుండె వేగం పెరుగుతుంది. ఆ దడ చూసి మళ్లీ భయం, ఆ భయానికి మళ్లీ దడ. చిగుళ్ల విషయానికి వస్తే, మీ బ్రష్ ఒకసారి వెలుతురులో పట్టుకుని చూడండి. పోచలు రెండు వైపులా విచ్చుకుపోయి ఉంటే మీరు పళ్లు తోమడం లేదు, గీకుతున్నారన్నమాట. కింది ముందు పళ్ల వెనక నాలుకతో తడిమి చూడండి, గరుకుగా తగిలితే అది గార. ప్లేట్‌లెట్లు 1.9 లక్షలుంటే రక్తం కారడానికి అవి కారణం కావు. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా మామూలే. కాబట్టి మీరు వెళ్లాల్సింది పళ్ల డాక్టర్ దగ్గరికి. స్కేలింగ్ చేయించుకుంటే సరిపోతుంది.

ఒక మాట చెప్తే మీకు కాస్త ఊరటగా ఉంటుంది. ఇదే తరహా పుస్తకం నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు నైట్ డ్యూటీలో చదివాను. తెల్లవారుజామున మూడింటికి డ్యూటీ రూము బాత్రూంలో, సగం మసకబారిన అద్దం ముందు నిలబడి కింది రెప్ప లాగి కళ్లు చూసుకున్నాను. వైద్యం చదివేవాళ్లలో ఇది కొత్తేమీ కాదు. టీబీ పాఠం అయిన వారం క్లాసులో సగం మంది దగ్గుతారు. చదివిన జబ్బును ఒళ్లు నటించి చూపిస్తుంది.

ఇలాంటి పుస్తకాలు అందరినీ ఒకేలా పట్టుకోవు. మీ ఫ్రెండ్‌లా నవ్వేసేవాళ్లు ఉంటారు. నా దగ్గరికి వచ్చే ఒక బ్యాంకు ఉద్యోగి యాభై పేజీలకే మూసేసి, అన్నం సయించడం లేదన్నాడు. ఇంకొందరికి కోపం వస్తుంది, రచయిత భయపెట్టడం కోసమే రక్తాన్ని కుమ్మరించాడని. వాళ్ల కోపంలో కొంత న్యాయముంది. 2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా వచ్చిన రోగుల వివరాలు చూస్తే, కారణం తెలియని రక్తస్రావం ఐదుగురిలో ఒకరికి కూడా లేదు. అక్కడ చాలామంది ప్రాణం తీసింది రక్తం కారడం కాదు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయి, బీపీ పడిపోయి, అవయవాలు దెబ్బతినడం. థ్రిల్లర్ రాసేవాళ్లకు సెలైన్ బాటిల్ కంటే రక్తపు మడుగే పనికొస్తుంది మరి. 28,600 మందికి పైగా జబ్బుపడి, 11,300 మందికి పైగా చనిపోయిన ఆ ఉపద్రవం తర్వాతే 2019లో ఎబోలాకు టీకా ఆమోదం పొందింది. మీరు చదివిన పుస్తకం పాతదైతే ఈ కబురు అందులో ఉండదు.

పుస్తకంలోని కోతుల గురించి కూడా మీరు భయపడే ఉంటారు. 1989లో అమెరికాలోని రెస్టన్‌లో, ఫిలిప్పీన్స్ నుంచి తెచ్చిన కోతులకు ఎబోలా జాతి వైరస్ వచ్చింది. వాటి దగ్గర పనిచేసిన కొందరి రక్తంలో ఆ వైరస్ తాలూకు యాంటీబాడీలు కనిపించాయి గానీ, ఒక్కరూ జబ్బు పడలేదు. మనుషుల్లో ఎబోలా అంటుకునేది రోగి రక్తం, వాంతులు, మలం లాంటివి తగిలితేనే. 2014లో డాలస్‌లో ఒక రోగి ఆసుపత్రిలో చేరేలోపు అతనితో ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకు ఏమీ కాలేదు. ఆసుపత్రిలో జబ్బు ముదిరాక సేవ చేసిన ఇద్దరు నర్సులకు సోకింది. ఆదోని బస్సులో పక్క సీటాయన దగ్గితే మీరు దిగాల్సిన పని లేదు.

ఇలాంటి పుస్తకం చదివినవాళ్లలో నాకు బాగా గుర్తున్నది ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు. బీపీ చూపించుకోవడానికి వచ్చి, కుర్చీలో కూర్చుంటూనే అడిగారు: "ఆ గబ్బిలాలు, కోతులు అట్లుండనీ సార్, ఆ ఆసుపత్రిలో రోజంతటికీ అయిదు సిరంజిలేనా?"

ఆయన పట్టుకున్నదే అసలు ముక్క. 1976లో ఆఫ్రికాలో అప్పటి జైర్ (ఇప్పటి డీఆర్ కాంగో)లోని యంబుకు అనే ఊళ్లో మిషన్ ఆసుపత్రి ఉండేది. నర్సులకు పొద్దున్నే అయిదు సిరంజిలు, సూదులు ఇచ్చేవారు. ఒకరికి పొడిచాక గోరువెచ్చని నీళ్లలో కడిగి, ఇంకొకరికి. ఎబోలా అనే పేరు కూడా అప్పటికి లేదు, దగ్గర్లోని నది పేరే తర్వాత దానికి పెట్టారు. 318 మందికి సోకితే 280 మంది చనిపోయారు. ఆసుపత్రిలోని 17 మంది సిబ్బందిలో 11 మంది పోయారు. చివరికి ఆసుపత్రి మూతపడింది, ఆ తర్వాతే జబ్బు తగ్గుముఖం పట్టింది. వైరస్ అడవి నుంచి వచ్చి ఉండొచ్చు. ఊరూరికీ దాన్ని చేర్చింది మాత్రం సూది.

ఇది మనకు చాలా దగ్గరి విషయం. ఒళ్లు కాస్త వెచ్చబడితే 'ఒక సూది వేయండి' అని అడిగేది మనమే. వేయకపోతే ఆయన డాక్టరే కాదంటాం. 2009లో గుజరాత్‌లోని మోడాసాలో వాడిన సిరంజిలే మళ్లీ వాడడం వల్ల హెపటైటిస్-బి వ్యాపించి జనం చనిపోయారు. ఈ పుస్తకం చదివి మీరు ఒక్క అలవాటు మార్చుకోవాలనుకుంటే, సూది తప్పదన్నప్పుడు సిరంజి ప్యాకెట్ మీ కళ్ల ముందు చించమని అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, అనుకున్నా ఫర్వాలేదు.

ప్రాణం తీసే వైరస్ గురించే భయపడాలనుకుంటే, దానికి కెన్యా దాకా పోనక్కర్లేదు. నా పీజీ రోజుల్లో నలభై ఏళ్ల గొర్రెల కాపరిని వార్డుకు తెచ్చారు. రెండు నెలల కిందట చేతి మీద కుక్క కరిచింది. ఇంట్లో పసుపు, సున్నం పెట్టి కట్టారు, తాయెత్తు కట్టించారు. భార్య స్టీలు గ్లాసుతో నీళ్లు అందిస్తే, గ్లాసు పెదవుల దాకా రాకముందే ఆయన గొంతు కండరాలు బిగుసుకుపోయాయి. దాహంగా ఉందనే అంటున్నాడు. "ఫ్యాన్ ఆపండి సార్, గాలి తగిలితే తట్టుకోలేకపోతున్నా" అన్నాడు. మరుసటి రోజు సాయంత్రానికి పోయాడు. యంబుకులో వందలో 12 మంది బతికారు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికినవాళ్లను ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ కరిచిన వెంటనే సబ్బుతో, కుళాయి ధార కింద పావుగంట కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టి, మిగతా డోసులు తేదీ తప్పకుండా వేయించుకుంటే ఇది రాకుండా ఆపొచ్చు. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే సూది) కూడా వేయాలి. రాత్రి స్టడీ హాల్ నుంచి నడిచి వచ్చేటప్పుడు మీ సందులో ఎన్ని కుక్కలుంటాయో మీకే తెలుసు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. థర్మామీటర్ రూమ్మేట్‌కు ఇచ్చేయండి, నిజంగా చలి, వణుకు వస్తేనే తీసుకోండి. అద్దం ముందు కళ్లు చూసుకోవాలనిపించినప్పుడు పది నిమిషాలు వాయిదా వేయండి, రేపు పదిహేను. చూసుకున్న ప్రతిసారీ భయం క్షణం తగ్గి రెట్టింపై వస్తుంది, అందుకే చూడటం మానాలి. చేతులు అన్నానికి ముందు, బాత్రూమ్‌కు వెళ్లొచ్చాక కడిగితే చాలు. పగిలిన చర్మం నుంచే క్రిములు లోపలికి పోతాయి, రాత్రి కొబ్బరినూనె రాయండి. దడ వచ్చినప్పుడు గాలి పీల్చడం కంటే వదలడం మీద దృష్టి పెట్టండి. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరేడు లెక్కపెడుతూ వదలండి. సాయంత్రం అయిదు తర్వాత టీ వద్దు. చదువుకునేవాళ్లకు ఇది కష్టమని తెలుసు. ఇవన్నీ చేసినా రెండు మూడు వారాల్లో తగ్గకపోతే, చదువు సాగకపోతే మానసిక వైద్యుడిని కలవండి. దీనికి మంచి చికిత్స ఉంది. వెళ్లడానికి మొహమాటమైతే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అమ్మ దిష్టి తీస్తే తీయనివ్వండి, నష్టం లేదు. ఆమె వచ్చిన రోజు మీరు కాస్త నిద్రపోయి ఉంటారని నా అనుమానం.

దోమల కాలంలో మాత్రం ఒక జాగ్రత్త. నిజంగా జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, సూదులు వద్దు. డెంగీలో అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. జ్వరం తగ్గుతున్న రోజుల్లో కడుపునొప్పి, ఆగని వాంతులు, ముక్కు నుంచి రక్తం, మగతగా పడి ఉండటం కనిపిస్తే రాత్రైనా ఆసుపత్రికి వెళ్లాలి.

మిగిలిన అరవై పేజీలు చదవండి. మధ్యలో ఆపితే ఆ కథను మీ బుర్ర ఇంకా ఘోరంగా పూర్తి చేస్తుంది. కాకపోతే పగలు, నలుగురి మధ్య, పక్కన ఫోన్ లేకుండా. ఆ బ్రష్ పారేసి మెత్తటిది కొనండి, పది రోజుల తర్వాత చిగుళ్లు ఎలా ఉన్నాయో రాయండి.