ఫిట్స్ మాత్ర దొరకనప్పుడు

అమ్మలూ,

బాబుకి వేసే ఫిట్స్ మాత్ర గార్డినాల్ (అందులో ఉండే మందు పేరు ఫినోబార్బిటోన్) మీ ఊళ్ళో ఎక్కడా లేదని, ఉన్నవాటిని సగం సగం చేసి బాబుకి వేద్దామనుకుంటున్నానని రాశావు. ఆ పని మాత్రం చెయ్యకు. ఫినోబార్బిటోన్ ఉన్నట్టుండి తగ్గించినా, మానేసినా ఫిట్స్ తిరగబెడతాయి. ఒక్కోసారి ఆగకుండా వరసగా వచ్చి ప్రాణం మీదికి తెస్తాయి. ఉన్నవి డాక్టరుగారు చెప్పిన డోసులోనే వేస్తూ, అవి అయిపోయేలోగా కొత్తవి సంపాదించాలి.

ఇన్నేళ్ళు మందుల షాపు నడిపినవాణ్ణి కాబట్టి కౌంటరు లోపలి సంగతి చెప్తాను విను. ఇది చవక మందు, మిగిలేది తక్కువ. పైగా మత్తుమందుల చట్టం కిందికి వస్తుంది కాబట్టి లెక్కలు, రికార్డులు చూసుకోవాలి. ఆ తలనొప్పి ఎందుకని చిన్న షాపులవాళ్ళు తెప్పించరు. వాళ్ళు 'లేదండీ' అన్నంత మాత్రాన మందు రావడం ఆగిపోయినట్టు కాదు. ఊరంతా తిరిగే బదులు, మీరు ఎప్పుడూ కొనే షాపతనికి చీటీ చూపించి హోల్‌సేల్‌లో అడగమను. న్యూరాలజీ డాక్టరు ఉన్న ఆసుపత్రి ఫార్మసీకి కూడా ఫోన్ చెయ్యి, అక్కడ దొరికే అవకాశం ఎక్కువ.

అడిగేటప్పుడు గార్డినాల్ అని కాకుండా ఫినోబార్బిటోన్ అని అడుగు. 60 ఎంజీ మాత్ర దొరక్క 30 ఎంజీవి ఉంటే, రెండు వేస్తే లెక్క సరిపోతుంది. అయినా సొంతంగా మార్చకు, డాక్టరుగారితో చీటీ మీద రాయించుకో. కంపెనీ మారితే అదీ ఆయన చెవిన వెయ్యి. కొత్తలో బాబు మరీ మత్తుగా ఉన్నా, నడకలో తూలినా గమనించు.

జిల్లా ఆసుపత్రిని మర్చిపోకు. ఇది అత్యావశ్యక మందుల జాతీయ జాబితాలో ఉన్నదే. నిల్వ ఉంటే ఓపీ చీటీ మీద ఉచితంగా ఇస్తారు, కాకపోతే పొద్దున్నే వెళ్ళాలి.

పక్కింటావిడ వాళ్ళబ్బాయి ఫిట్స్ మాత్రలు ఇస్తానందన్నావు. పాపం మంచి మనసే, కానీ వద్దు. ఫిట్స్ మందులన్నీ ఒకటి కావు. గార్డినాల్ బొత్తిగా దొరక్కపోతే బదులు ఏం వెయ్యాలో, దీన్ని ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

ఈలోగా ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టు. కాళ్ళూ చేతులూ అదిమి పట్టకు, నోట్లో చెంచా పెట్టకు. మీ అత్తగారు తాళాలగుత్తి పట్టుకొస్తారు, నాకు తెలుసు. ఆవిడతో వాదన పెట్టుకోకుండా గడియారం చూస్తూ ఉండమను. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యాలి. ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే ఇంట్లో ఉంచుకోవచ్చా అని కూడా ఈసారి డాక్టరుగారిని అడుగు.

మందు దొరికాక ఆర్నెల్లకి సరిపడా కొని దాచకు, ఇంకో పిల్లాడికి లేకుండా పోతుంది. రెండు వారాల మాత్రలు మిగిలి ఉండగానే తర్వాతివి చెప్పి తెప్పించుకుంటే చాలు. చీటీ పాతదైతే రేపే కొత్తది రాయించు. డాక్టరుగారు ఓపీలో ఉండి ఫోన్ తియ్యకపోతే కాంపౌండరుతో చెప్పించు.

మీ పెదనాన్న