పొత్తు, కూటమి, సంకీర్ణం: ఏది ఎక్కడ?

సందేహం: మా అబ్బాయి జర్నలిజం చదువుతున్నాడు. క్లాసులో రాసిన ఎన్నికల వార్తలో ‘కూటమితో పొత్తు పెట్టుకున్న చిన్న పార్టీకి పెద్ద పార్టీ రెండు సీట్లు ఇచ్చింది’ అన్నాడు. పొత్తన్నా కూటమన్నా ఒకటే కదా, రెండూ ఎందుకని నేనడిగితే ఒప్పుకోవడం లేదు. ఎవరిది సరి? చిన్న పార్టీని ‘తోక పార్టీ’ అని రాయవచ్చా? ‘సంకీర్ణం’ ఎప్పుడు వాడాలి?
– ఒక పాఠకుడు, మర్రిపాలెం, విశాఖపట్నం

సమాధానం: ‘కూటమితో పొత్తు’ తప్పు కాదు. పొత్తు అంటే ఒప్పందం. ఆ ఒప్పందంతో ఒక్కచోట చేరిన పార్టీల గుంపు కూటమి. అప్పటికే మూడు పార్టీలు కూటమి కట్టి ఉంటే నాలుగోది వచ్చి దానితో పొత్తు పెట్టుకోవచ్చు. కాబట్టి ఈ విషయంలో మీ అబ్బాయిదే సరి. కానీ ఆ వాక్యంలో నాకు అభ్యంతరం వేరే చోట ఉంది. అది చివరి మాట, ‘ఇచ్చింది’.

పొత్తు పాత తెలుగు మాట. కలిసి ఉండడం, ఉమ్మడిగా అనుభవించడం దాని అర్థం. ‘పొత్తున కుడుచు’ అంటే కలిసి కూర్చుని భోంచేయడం. ‘వాళ్లిద్దరికీ పొత్తు కుదరదు’ అని ఇళ్లలో ఇప్పటికీ అంటాం. ‘పొత్తుల మగడు పుచ్చి చచ్చాడు’ అనే మోటు సామెతలోనూ ఉమ్మడి అనే అర్థమే ఉంది. రాజకీయాల్లోకి వచ్చాక కూడా ఆ మాట తన గుణం వదులుకోలేదు. పక్కన ఏ క్రియ వస్తోందో చూడండి. పొత్తు ‘పెట్టారు’ అని ఎవరూ అనరు, ‘పెట్టుకున్నారు’ అంటారు. కుదిర్చితే అది మధ్యవర్తి పని, పార్టీలైతే ‘కుదుర్చుకుంటాయి’. సీట్లు ‘పంచుకుంటాయి’, ‘సర్దుబాటు చేసుకుంటాయి’. ఈ ‘కొను’ చేరిందంటే, పని చేసినవాళ్లే దాని ఫలితం కూడా అనుభవిస్తున్నారన్నమాట. వ్యాకరణంలో ఆత్మార్థకం అనేది దీన్నే. పొత్తు ఇద్దరిదీ అని తెలుగు ఇంత స్పష్టంగా చెబుతుంటే, సీట్ల దగ్గరికి రాగానే మనం ‘ఇచ్చింది’ అని రాసేస్తున్నాం. దాంతో ఒకరు దాత, ఇంకొకరు చెయ్యి చాచినవారు అయిపోతున్నారు. ‘విదిల్చింది’ అని రాసేవాళ్లూ ఉన్నారు. అది మరీ అన్యాయం.

2024 ఎన్నికలనే తీసుకోండి. తెలుగుదేశం, జనసేన పొత్తులో మొదట జనసేనకు 24 అసెంబ్లీ స్థానాలని ప్రకటించారు. బీజేపీ కూడా చేరాక అవి 21 అయ్యాయి. ఆ మూడు స్థానాల గురించి ఎన్ని రకాలుగా రాయవచ్చో చూడండి. ‘జనసేనకు మూడు తగ్గించారు’ అంటే నిర్ణయం ఇంకెవరిదో. ‘జనసేన మూడు వదులుకుంది’ అంటే నిర్ణయం ఆ పార్టీదే. ‘జనసేన మూడు కోల్పోయింది’ అంటే నష్టపోయిందని రాసినవాడే తేల్చేశాడు. ఉన్నది ఒకే సంగతి, వచ్చిన వార్తలు మాత్రం మూడు. నిర్ణయం ఎవరిదో విలేకరికి గట్టిగా తెలిస్తే దానికి తగ్గ క్రియ వాడాలి. తెలియకపోతే ‘175 స్థానాలను తెలుగుదేశం 144, జనసేన 21, బీజేపీ 10గా పంచుకున్నాయి’ అంటే చాలు. ఇందులో ఎవరినీ తక్కువ చేసినట్టు ఉండదు, వార్తకు లోటూ రాదు. మీ అబ్బాయి వాక్యం కూడా ‘కూటమితో పొత్తు పెట్టుకున్న చిన్న పార్టీ రెండు స్థానాల్లో పోటీ చేస్తోంది’ అంటే బాగుపడుతుంది.

ఎన్నికల కరపత్రాలు రాసేవాళ్లు ఈ విషయంలో మనకంటే జాగ్రత్తగా ఉంటారు. ‘కూటమి బలపరిచిన జనసేన అభ్యర్థి’ అని వేస్తారు. అభ్యర్థి ఏ పార్టీవాడో, వెనక ఎవరున్నారో నాలుగు మాటల్లో తేలిపోతుంది. నాకు చాలా నచ్చే ప్రయోగం ఇది.

‘తోక పార్టీ’ ప్రత్యర్థుల తిట్టు. నాయకుడు సభలో అంటే కొటేషన్‌లో పెట్టి రాయండి, సొంత మాటగా మాత్రం వద్దు. మర్యాద సంగతి అలా ఉంచినా, ఆ మాట నిలబడదు కూడా. జనసేన 2019లో బీఎస్పీ, సీపీఐ, సీపీఎంలతో పొత్తు పెట్టుకుని రాజోలు ఒక్కటే గెలిచింది. మన గాజువాకలో ఆ పార్టీ అధ్యక్షుడే ఓడిపోయారు. అదే పార్టీ 2024లో విశాఖ దక్షిణం, పెందుర్తితో సహా 21కి 21 గెలిచింది. ఒక ఎన్నికలో తగిలించిన పేరు మరో ఎన్నికకే అతకకుండా పోయింది. ‘మిత్రపక్షం’, ‘భాగస్వామ్య పక్షం’ అనే మంచి మాటలు ఉన్నాయి కదా.

ఇక సంకీర్ణం. కలగలిసినది అని ఈ సంస్కృత పదానికి అర్థం. దీన్ని ప్రభుత్వానికే అట్టిపెట్టుకోవడం మంచిది. 2004లో టీఆర్ఎస్, సీపీఐ, సీపీఎం మూడూ కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకున్నాయి. గెలిచాక టీఆర్ఎస్ రాష్ట్ర మంత్రివర్గంలో చేరింది, వామపక్షాలు చేరలేదు. అంటే టీఆర్ఎస్‌ది పొత్తూ, సంకీర్ణమూ. వామపక్షాలది పొత్తు మాత్రమే. పోలింగ్ కూడా కాకముందే ‘సంకీర్ణ అభ్యర్థి’ అని రాస్తే అర్థం లేదు.

కూటమి గురించి ఒక మాట. కూడు అనే ధాతువు నుంచి కూడలి, కూడిక, కూటమి వచ్చాయి. 2009లో తెలుగుదేశం, టీఆర్ఎస్, వామపక్షాలు కలిసినప్పుడు ‘మహాకూటమి’ అన్నారు. సంస్కృతం పక్కన తెలుగు మాట చేరింది కాబట్టి వైరి సమాసమని కొందరు పండితులు ముఖం చిట్లించుకోవచ్చు. నాకు అభ్యంతరం లేదు. జనం నోట నలిగిన మాట అది. అంతకు చాలా ముందు, 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో కాంగ్రెస్, ప్రజా పార్టీ, రైతు నాయకుడు ఎన్.జి. రంగాగారి కృషికార్ లోక్ పార్టీ కలిసి 196 స్థానాల్లో 146 గెలిచినప్పుడు వాడుకలో ఉన్న పేరు ‘ఐక్య కాంగ్రెస్’. ఐక్యం అంటే ఒకటైపోవడం. కానీ ఆ మూడూ వేరువేరు పార్టీలే.

నిజంగా ఒకటైపోతే దాన్ని విలీనం అనాలి. ప్రజారాజ్యం 2009లో ఒంటరిగా పోటీ చేసి 18 స్థానాలు గెలిచింది. వాటిలో గాజువాక, పెందుర్తి, భీమిలి, అనకాపల్లి ఉన్నాయి. ఆ పార్టీ 2011లో కాంగ్రెస్‌లో విలీనమైంది. ‘కాంగ్రెస్‌తో విలీనమైంది’ అని చాలాచోట్ల కనిపిస్తోంది, అది సరికాదు. ‘తో’ అంటే ఇద్దరూ మిగిలి ఉండాలి, విలీనం తర్వాత మిగిలేది ఒకరే. అందుకే అక్కడ ‘లో’ రావాలి.