తుడిచే ముందు చూడు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీర్వదించి రాసేది.

కందుకూరులో ఎవరి కొట్టంలోనో ఏళ్ల తరబడి పడి ఉన్న 1968 నాటి అంబాసిడర్ కొన్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషించాను. నెల్లూరులో నలభై ఏళ్లు పాత కార్లు బాగుచేసే పనే చేసినవాడిగా చెబుతున్నాను, కారు ఇంటికి రాగానే నీళ్ల పైపు పట్టుకోకు.

ముందు వెనక సీటు లేపు. చేతికి మందపాటి తొడుగు వేసుకో, ఎలుకల గూడు ఉన్నచోట పాము కూడా ఉండవచ్చు. దొరికినదాన్ని చీపురుతో ఊడ్చేయకుండా ఏరి తెల్లగుడ్డ మీద పెట్టు. నాకు ఒకసారి తామరపువ్వు ఇరవై పైసల నాణేలు దొరికాయి, పక్కనే జొన్నవాడ అమ్మవారి కుంకుమ పొట్లం. లక్ష్మీపూజకు ఆ నాణేలు కూడబెట్టుకునేవారు కదా, ఎవరి పూజకు ఎన్ని తక్కువపడ్డాయో! అలాంటివి అమ్మినవాళ్లకు తిరిగి ఇచ్చేయాలి. కారు నీదైనా అవి నీవి కావు.

గూడూరు వైపు నుంచి వచ్చిన ఒక కారులో వైర్లు ఎన్నిసార్లు మార్చినా చివర్లు పచ్చబడేవి. కారణం అంతుబట్టలేదు. తలుపుల కింది రేకు కోస్తే పిడికెడు ఒండ్రు, రాయిలా గట్టిపడి ఉంది. అప్పుడు చెప్పాడు యజమాని, 1984 నవంబరు తుపానులో బండి నీట మునిగిందని. ఆ మన్ను కనిపించకపోతే ఇంకా వైర్లే మారుస్తూ ఉండేవాణ్ని.

అసలు రంగు తెలుసుకోవడానికి నంబరు ప్లేటు వెనకో, తలుపు రబ్బరు కిందో రూపాయి బిళ్లంత చోటు ఎంచుకో. గరుకు కాగితం నీళ్లలో తడిపి మెల్లగా రుద్దు. ఉల్లిపొరల్లా ఒక్కో రంగూ వలయంగా బయటపడుతుంది. పొడిగా మాత్రం రుద్దకు, పాత రంగుల్లో సీసం ఉంటుంది. బ్రేకు డ్రమ్ములోని బూడిదనూ గాలితో ఊదకు, ఆ కాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవారు. ముక్కుకు మంచి మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తుడువు.

చాసిస్ నంబరు బండి రిజిస్ట్రేషన్ పుస్తకంతో సరిచూసుకో. మొదటి ముద్ర నెల్లూరు జిల్లాది, తర్వాతిది ప్రకాశం జిల్లాది అయితే కంగారుపడకు. 1970లో ఆ జిల్లా ఏర్పడినప్పుడు మీ కందుకూరు అందులోకి వెళ్లింది.

ఇది ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, కోవూరు నుంచి వచ్చిన ఒక కారులో గ్లవ్ బాక్సు మూత లోపలి వైపు పెన్సిల్ రాతలు ఉండేవి. ఏ తేదీన ఎంత పెట్రోలు పోయించారో, ఎక్కడికి వెళ్లారో వరసగా రాసి ఉంది. మరకలనుకుని థిన్నరు గుడ్డతో ఒక్క తుడుపు తుడిచాను. కారు అప్పగించిన రోజు ఆ ఇంటి పెద్దావిడ వచ్చి, నేరుగా ఆ మూత తెరిచి, తళతళలాడే రేకు మీద వేళ్లతో తడుముతూ నిలబడింది. పోయిన భర్త చేతిరాత అది. నన్ను ఒక్క మాట అనలేదు.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను. సీటు నువ్వే లేపు, రంగు కూడా నువ్వే చూడు. గ్లవ్ బాక్సు మాత్రం నేను వచ్చేదాకా ముట్టుకోకు.

నీ మామయ్య