అర్జీలతో మొదలుపెట్టు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, మొదటి ప్రపంచ యుద్ధం తరువాత అరబ్బు దేశాల్లో సాగిన మాండేట్ పాలన (నానాజాతి సమితి అప్పగింత పేరుతో బ్రిటన్, ఫ్రాన్స్ చేసిన పాలన) మీద నువ్వు రాస్తున్న పుస్తకంలో మూడు అధ్యాయాలూ చదివాను. ఈ విషయం మీద తెలుగులో మంచి పుస్తకం రావలసిన అవసరం ఎంతో ఉంది. ఇరాక్, సిరియా, లెబనాన్, పాలస్తీనా పేర్లు మన పత్రికల్లో రోజూ కనిపిస్తాయి. ఆ దేశాలకు ఆ సరిహద్దులు, ఆ ప్రభుత్వాలు ఎలా వచ్చాయో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. నువ్వు కష్టపడి చదివావు, నీ వాక్యం శుభ్రంగా ఉంది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

నీ పుస్తకం 1916లో మొదలవుతుంది. బ్రిటన్ తరఫున మార్క్ సైక్స్, ఫ్రాన్స్ తరఫున జార్జ్ పికో పటం ముందు కూర్చుని గీతలు గీస్తారు, అరబ్బుల తలరాత మారిపోతుంది. చదవడానికి బిగువుగానే ఉంది. అయినా దాన్ని మొదట్లోంచి తీసెయ్యి. ఆ రహస్య ఒప్పందం ప్రకారం నేటి ఉత్తర ఇరాక్‌లోని మోసుల్ ఫ్రాన్స్ పలుకుబడి కిందికి రావాలి, పాలస్తీనాలో ఎక్కువ భాగం అంతర్జాతీయ పాలనలో ఉండాలి. ఈ రెండూ జరగలేదు. 1918 డిసెంబరులో లండన్‌లో ఫ్రెంచ్ ప్రధాని క్లెమెన్సో, బ్రిటిష్ ప్రధాని లాయిడ్ జార్జ్ మాట్లాడుకున్నాక రెండూ బ్రిటన్ వైపు జరిగాయి. 1920 ఏప్రిల్‌లో శాన్ రెమోలో మాండేట్లు పంచుకున్నారు. మోసుల్ ఇరాక్‌కే చెందాలని నానాజాతి సమితి (ఐక్యరాజ్య సమితికి ముందున్న సంస్థ) తేల్చేసరికి 1925 డిసెంబరు వచ్చింది. ఇన్నేళ్ల బేరాన్ని ఇద్దరు మనుషులకూ ఒక పటానికీ కుదిస్తే చరిత్ర సులువవుతుంది గాని నిజం కాకుండా పోతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. అక్కడ మొదలుపెడితే అరబ్బులు నీ పుస్తకంలోకి బాధితులుగానే అడుగుపెడతారు, చివరిదాకా అలాగే ఉండిపోతారు.

1919 వేసవితో మొదలుపెట్టు. ప్రజల కోరిక తెలుసుకోవడానికి అమెరికా అధ్యక్షుడు విల్సన్ ఒక కమిషన్‌ను పంపాడు. అందులో హెన్రీ కింగ్ ఒక కళాశాల అధ్యక్షుడు, చార్లెస్ క్రేన్ ఒక వ్యాపారి. బ్రిటన్, ఫ్రాన్స్ కూడా సభ్యులను పంపాల్సింది, పంపలేదు. ఆ ఇద్దరూ పాలస్తీనా, సిరియా ఊళ్లు తిరిగితే వాళ్ల చేతికి 1,863 అర్జీలు వచ్చాయి. వాటి మీద 91 వేలకు పైగా సంతకాలు! నాలుగు శతాబ్దాల తుర్కీ (ఒట్టోమన్) పాలన కూలి ఏడాది కూడా కాలేదు, కరువు చూసిన జనం, అయినా తమకేం కావాలో కాగితం మీద రాసి ఇచ్చారు. సిరియాను ముక్కలు చేయవద్దన్నారు, స్వాతంత్ర్యం కావాలన్నారు. తప్పనిసరిగా ఎవరి సహాయమైనా తీసుకోవాల్సి వస్తే అమెరికా, అది కాకపోతే బ్రిటన్, ఫ్రాన్స్ మాత్రం వద్దేవద్దని డమాస్కస్‌లో సమావేశమైన సిరియా మహాసభ తీర్మానించింది. ఆ కమిషన్ నివేదికను తొక్కిపెట్టారు. అది బయటి ప్రపంచం కంటపడింది 1922లో, అప్పటికి పంపకాలన్నీ అయిపోయాయి.

నీ పుస్తకానికి వెన్నెముక ఇక్కడ ఉందని నా నమ్మకం. మాండేట్ పాలన అంటే జనాన్ని అడిగి, వాళ్లు చెప్పింది కాగితం మీద తీసుకుని, ఆ కాగితాన్ని పక్కన పెట్టిన పాలన. జెండాలు, ఒప్పందాలు, రాజులు అన్నీ రానీ. కానీ ప్రతి అధ్యాయంలోనూ ఎవరు ఏం అడిగారో, ఆ అర్జీ ఎక్కడికి వెళ్లి ఆగిపోయిందో వెతుకు.

రెండో అధ్యాయం డమాస్కస్ దగ్గర జరిగిన మైసలూన్ యుద్ధం గురించి. దాన్ని నువ్వు ఒక పేరాలో ముగించావు. అక్కడ ఆగు తల్లీ, తొందరపడకు. 1920 మార్చి 8న ఆ మహాసభ సిరియా స్వతంత్రమని ప్రకటించి, తుర్కుల మీద అరబ్బు తిరుగుబాటు నడిపిన ఫైసల్‌ను రాజుగా ఎన్నుకుంది. పార్లమెంటుతో కూడిన రాజ్యాంగం ముసాయిదా తయారైంది. స్త్రీలకు ఓటు హక్కు ఇవ్వాలా వద్దా అని ఆ సభలో వాదోపవాదాలు జరిగాయి. 1920లో, డమాస్కస్‌లో! నీ పాఠకులలో చాలామందికి ఈ సంగతి తెలియదు, తెలియాలి. జూలై 14న ఫ్రెంచ్ జనరల్ గూరో తుది హెచ్చరిక పంపాడు. ఫైసల్ తలవంచాడు, సైన్యాన్ని రద్దు చేయడం కూడా మొదలుపెట్టాడు. అయినా ఫ్రెంచ్ సేన ఆగలేదు. యుద్ధమంత్రి యూసుఫ్ అల్ అజ్మా మిగిలిన సైనికులనూ స్వచ్ఛంద యోధులనూ తీసుకుని జూలై 24న మైసలూన్ కనుమ దగ్గర నిలబడ్డాడు. ఎదురుగా ట్యాంకులు, విమానాలు. గెలవలేనని తెలిసి వెళ్లిన మనిషి, తిరిగి రాలేదు. ఇక్కడ వీరరసం పొంగించకు, ఆ ఒక్క పొద్దుటిపూటను నిదానంగా రాయి. ఆయన మీదికి వచ్చిన సేనలో అల్జీరియా, మొరాకో, సెనెగల్ మనుషులు చాలామంది ఉన్నారని కూడా రాయి.

ఆ మాట ఎందుకన్నానంటే, అదే వేసవిలో ఇరాక్‌లో తిరుగుబాటు లేచింది. బాగ్దాద్ మసీదుల్లో షియాలు, సున్నీలు కలిసి సభలు జరుపుకున్నారు, యూఫ్రటీస్ తీరమంతా రగిలింది. దాన్ని అణచింది ఎక్కువగా భారతీయ సైనికులతో నిండిన సైన్యం. ఒక వలస దేశం మనుషుల్ని మోసుకెళ్లి మరొక దేశాన్ని వలసగా మార్చారు. తెలుగు పాఠకుడికి ఈ చరిత్రతో ఉన్న నిజమైన బంధం ఇదే. బస్రాలో 1914లో దిగింది భారత సైన్యం, ఇరాక్‌లోని కుత్ పట్టణంలో ముట్టడిలో చిక్కి 1916 ఏప్రిల్‌లో లొంగిపోయిన వాళ్లలో అధికులు భారతీయులు. 1932లో దీనార్ వచ్చేదాకా ఇరాక్‌లో చెలామణి అయింది మన రూపాయే. పాలస్తీనా రంగంలో మైసూరు, జోధ్‌పూర్ దళాలతో పాటు నిజాం సంస్థానపు హైదరాబాద్ లాన్సర్లు (ఆశ్విక దళం) ఉన్నారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహాలు ఆ మూడు దళాలకూ గుర్తు. కానీ పాలస్తీనా రేవు పట్టణం హైఫా మీద దాడి ఘనతను హైదరాబాద్ వాళ్లకు కట్టబెట్టావు చూడు, అది దిద్దుకో. 1918 సెప్టెంబరు 23న ఆ దాడి చేసింది జోధ్‌పూర్, మైసూరు దళాలు. మన ఊరి పేరు కనిపించాలన్న ఆశతో నిజాన్ని సాగదీయవద్దు.

ఇక భాష గురించి. నీ మూడో అధ్యాయంలో 'దుర్మార్గమైన', 'కపటమైన', 'క్రూరమైన' అన్న మాటలు పేరాకు రెండు చొప్పున ఉన్నాయి. నీ కోపం న్యాయమైనదే, నాకూ ఉంది. కానీ ఈ పాలకులు తమ కాగితాల్లో వాడిన మాటలే చాలు. నానాజాతి సమితి నిబంధనావళి 22వ అధికరణం తీసుకో. ఒకప్పటి తుర్కీ సామ్రాజ్యంలోని కొన్ని జాతులను స్వతంత్ర దేశాలుగా తాత్కాలికంగా గుర్తించవచ్చట, వాళ్లు తమ కాళ్ల మీద నిలబడేదాకా సలహా, సహాయం అందాలట, ఎవరు ఆ సహాయం చేయాలో నిర్ణయించేటప్పుడు ఆ జాతుల కోరికే ముఖ్యమట. ఈ వాక్యాన్ని పూర్తిగా అనువదించి పెట్టు. దాని కిందనే 1,863 అర్జీల సంగతి, ఆ కిందనే మైసలూన్. ఒక్క విశేషణం అక్కర్లేదు.

ఇరాక్ అధ్యాయంలో డబ్బు లెక్క తప్పకుండా రావాలి. 1920 తిరుగుబాటును అణచడానికి బ్రిటన్‌కు సుమారు 4 కోట్ల పౌండ్లు ఖర్చయింది. యుద్ధంతో అలసిన బ్రిటిష్ పన్ను చెల్లింపుదారులు గొడవ చేశారు. 1921 మార్చిలో చర్చిల్ కైరోలో సమావేశం జరిపింది ఆ ఖర్చు తగ్గించుకోవడానికే. డమాస్కస్ నుంచి వెళ్లగొట్టబడిన ఫైసల్‌ను తెచ్చి 1921 ఆగస్టు 23న బాగ్దాద్‌లో సింహాసనం ఎక్కించారు. కాపలా బాధ్యత 1922లో వైమానిక దళానికి అప్పగించారు, పదాతి దళాల కంటే విమానాలు చవక కనుక. పన్ను కట్టని తెగల మీద కూడా బాంబులు వేశారు. పొదుపు లెక్క నుంచి బాంబు దాకా ఉన్న ఈ దారిని విడమరచి చెప్పు, పాఠకుడికి పాలన నడిచిన తీరు అర్థమవుతుంది. చమురు సంగతీ అంతే. 1925 ఒప్పందంలో ఇరాక్‌కు చమురు తవ్వే కంపెనీలో వాటా దక్కలేదు. కిర్కుక్ దగ్గర బాబా గుర్గుర్‌లో 1927లో చమురు ఎగజిమ్మింది. బ్రిటిష్, డచ్, ఫ్రెంచ్, అమెరికన్ సంస్థలు తలా 23.75 శాతం తీసుకున్నాయి, మిగిలిన 5 శాతం గుల్బెంకియాన్ అనే ఒక్క వ్యక్తికి దక్కింది. అంకెలను ఇలాగే పక్కపక్కన పెట్టు.

ఫైసల్‌ను మాత్రం కీలుబొమ్మ అని కొట్టిపారేయకు. 1932లో ఇరాక్ నానాజాతి సమితి సభ్యదేశం కావడం వెనుక ఆయన ఓర్పు చాలా ఉంది. బ్రిటిష్ వైమానిక స్థావరాలు అక్కడే ఉండిపోయాయన్నదీ నిజమే. రెండూ రాయి.

పాలస్తీనా దగ్గర నీ కలం వణికినట్టు తెలుస్తోంది, వణకడం సహజం. అక్కడ మాండేట్ పత్రంలోనే బాల్ఫోర్ ప్రకటనను, అంటే పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పడడానికి తోడ్పడతామని 1917లో బ్రిటన్ ఇచ్చిన మాటను, చేర్చారు. 1922 జనగణనలో 7,57,000 మంది ఉంటే యూదులు సుమారు 84 వేలు. మిగిలిన అధికసంఖ్యాకులను ఆ ప్రకటన 'యూదేతర సముదాయాలు' అంది, పౌర, మత హక్కులు కాపాడతామంది, రాజకీయ హక్కుల ఊసెత్తలేదు. 1933 తరువాత హిట్లర్ నుంచి పారిపోయి వచ్చినవాళ్ల భయం కూడా అంతే నిజం. చాలామందికి ఇతర దేశాల తలుపులు మూసుకుపోయాయి. 1936లో నెలల తరబడి సాగిన అరబ్బు సమ్మెను, ఆ శరణార్థుల ఓడలను ఒకే అధ్యాయంలో నిలబెట్టగలిగితే నీ పుస్తకం నిలుస్తుంది. ఇజ్రాయెల్ ఏర్పడిన 1948ని ముందే చెప్పేసి వెనక్కి రాయకు. ఆ రోజుల్లో బతికినవాళ్లకు రేపేమవుతుందో తెలియదు.

నీ ప్రణాళికలో లేని ఒక అధ్యాయం చేర్చమని అడుగుతున్నాను. అది నానాజాతి సమితి కేంద్రమైన జెనీవా. మాండేట్లను పర్యవేక్షించడానికి అక్కడ ఒక శాశ్వత కమిషన్ ఉండేది. పాలిత ప్రజలు దానికి అర్జీ పెట్టుకోవచ్చు, కానీ తమను పాలిస్తున్న ప్రభుత్వం ద్వారానే పంపాలి. కంచే చేను మేస్తుంటే ఆ కంచెకే ఫిర్యాదు ఇవ్వాలన్నమాట. అర్జీదారులను పిలిచి వినడానికి అవకాశం ఇవ్వలేదు. 1925 నాటి సిరియా తిరుగుబాటును ఈ వెలుగులో చూడు. దక్షిణ సిరియా కొండల్లోని ద్రూజ్ అనే మత సముదాయపు పెద్దలు ముందుగా తుపాకులు పట్టలేదు, తమ ప్రాంతపు ఫ్రెంచ్ గవర్నర్ కార్బియేను మార్చమని విన్నపాలతో వెళ్లారు. హైకమిషనర్ సరాయ్ వాళ్లను వినలేదు. చర్చలకని డమాస్కస్‌కు పిలిచి నాయకులను నిర్బంధించాడు. ఆ తరువాతే ద్రూజ్ నాయకుడు సుల్తాన్ అల్ అత్రాష్ తిరుగుబాటు. అక్టోబరులో డమాస్కస్ మీద ఫిరంగులు పేలాయి, అజ్మ్ ప్రాసాదం కాలింది. 1926 ఆరంభంలో కమిషన్ రోమ్‌లో ప్రత్యేకంగా సమావేశమై ఫ్రాన్స్‌ను నిలదీసింది, మాండేట్‌ను మాత్రం ఫ్రాన్స్ చేతిలోనే ఉంచింది. చివరి ఫ్రెంచ్ సైనికుడు సిరియా విడిచేసరికి 1946 ఏప్రిల్ అయింది.

ముందుగా ద్రూజ్ పెద్దల విన్నపాల భాగం రాయి, అది పది పేజీలైనా ఫరవాలేదు. తరువాత మైసలూన్‌ను తిరగరాయి. సైక్స్, పికో ఎక్కడ రావాలో అప్పుడు నీకే తెలుస్తుంది. ఈ రెండూ పూర్తయ్యాక పంపు, మిగతావి తరువాత చూద్దాం.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి