యాప్ తీసేశాం, అయినా ఏడాది చందా కట్ అయింది!

ప్రశ్న: నెల రోజులు ఉచితం అంటే ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి టీవీలో ఒక సినిమాల యాప్ పెట్టాడు. నా డెబిట్ కార్డు నంబరు వాడే కొట్టాడు, ఓటీపీ నేను చెప్పాను. నచ్చక పది రోజులకే ఫోన్‌లోనూ టీవీలోనూ యాప్ తీసేశాం. అయినా మొన్న ఏడాది చందా మొత్తం నా ఖాతాలోంచి పోయింది. కంపెనీని అడిగితే ‘నో రిఫండ్ షరతుకు మీరు ఒప్పుకున్నారు’ అంటున్నారు. బ్యాంకువాళ్లు తమకు సంబంధం లేదన్నారు. మైనరు చేసిన ఒప్పందం చెల్లదని మా బంధువు ఒకాయన చెబుతున్నారు. నా డబ్బు తిరిగొస్తుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీ బంధువు మాట సంగతి చూద్దాం. మైనరుతో ఒప్పందం చెల్లదన్నది నిజమే. 1903లో మొహొరీ బీబీ కేసులో, అప్పట్లో మనకు అత్యున్నత అప్పీలు కోర్టు అయిన ప్రీవీ కౌన్సిల్ తేల్చిన విషయమది. కానీ ఇక్కడ కార్డు మీది, ఓటీపీ చెప్పింది మీరు. అవతలి లాయరు ఆ ఒక్క ముక్కతో మీ వాదన కొట్టేస్తాడు. అలాగే, కోపం కొద్దీ ‘నాకు తెలియకుండా డబ్బు కాజేశారు’ అని సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయకండి. ఇది ఆ కోవలోకి రాదు. లేనిది రాస్తే మీ అసలు ఫిర్యాదు పలచనవుతుంది.

ఆ రోజు మీరు చెప్పిన ఓటీపీతో ఉచిత నెల మొదలవడమే కాదు, కార్డు మీద ‘ఈ-మ్యాండేట్’ కూడా నమోదైంది. అంటే గడువు రాగానే డబ్బు తీసుకోవచ్చని మీరు ముందే ఇచ్చిన అనుమతి. చందా 15,000 రూపాయల లోపు ఉంటే ప్రతిసారీ ఓటీపీ అడగక్కర్లేదు. యాప్ తీసేస్తే ఆ అనుమతి పోదు. నా దగ్గరికి వచ్చే ఇలాంటి గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి.

అయితే ఈ వెసులుబాటు ఇస్తూనే రిజర్వ్ బ్యాంకు ఒక షరతు పెట్టింది. డబ్బు కట్ అయ్యే ముందు, కనీసం 24 గంటల ముందుగా, కార్డు ఇచ్చిన బ్యాంకు మీకు కబురు పంపాలి. ఏ కంపెనీ, ఎంత మొత్తం, ఏ తేదీ అన్నవి అందులో ఉండాలి. ‘ఈ చెల్లింపు వద్దు’ అని చెప్పే వీలూ ఇవ్వాలి. కంపెనీ విదేశానిదైనా ఇదే రూలు. కాబట్టి ‘మాకు సంబంధం లేదు’ అన్న మీ బ్యాంకు జవాబు చెల్లదు. ఇప్పుడే ఫోన్‌లో ఎస్ఎంఎస్‌లు, మెయిల్ వెతకండి, స్పామ్‌తో సహా. ఆ కబురు కనబడకపోతే ‘ఏ తేదీన, ఏ నంబరుకు పంపారో చూపండి’ అని బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. దానికి రుసుము లేదు.

ఇక కంపెనీ. ‘నో రిఫండ్’ అని రాసుకున్నంత మాత్రాన చట్టం పక్కకు తప్పుకోదు. 2023 నవంబరులో కేంద్రం ‘డార్క్ ప్యాటర్న్స్’ (యాప్, వెబ్ పేజీలతో కొనేవాళ్లను మభ్యపెట్టే పద్ధతులు) మీద మార్గదర్శకాలు తెచ్చింది. అందులో 13 రకాల మాయలు పేర్కొన్నారు, ఒకటి చందా ఉచ్చు. రద్దు చేసే బటన్‌ను దాచడమే కాదు, ఉచిత చందా ఇవ్వడానికి ఆటో డెబిట్ అనుమతి ఇచ్చి తీరాలనడమూ దాని కిందికే వస్తుంది. మీ కేసులో గట్టి పాయింటు ఇదే. రద్దు చేయడానికి ఎన్ని పేజీలు దాటాలో ఒక్కో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, పేజీ రేపటికి మారిపోవచ్చు. తర్వాత కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టండి. కస్టమర్ కేర్ చాట్‌లో ఎంత వాదించినా అది ఫిర్యాదు కింద నిలబడుతుందన్న నమ్మకం లేదు. ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆ అధికారి 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. డబ్బు కట్ అయ్యాక ఒక్క సినిమా కూడా చూడలేదని తప్పక రాయండి, నిజమైతేనే. వాళ్ల దగ్గర లెక్క ఉంటుంది.

అప్పటికీ కదలకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. కోర్టు ఫలానా నగరంలోనే, లేదా కోర్టు బదులు మధ్యవర్తిత్వమే (ఆర్బిట్రేషన్) దిక్కు అని షరతుల్లో ఉన్నా భయపడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు. మధ్యవర్తిత్వ షరతు వినియోగదారుల కేసుకు అడ్డు కాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. గడువు రెండేళ్లు.

నిష్ఠూరంగా ఉన్నా చెప్పాలి. బ్యాంకు కబురు వచ్చి మీరు చూడకుండా వదిలేసి ఉంటే, రద్దు బటన్ ఎదురుగానే ఉంటే, మొత్తం తిరిగి రావడం కష్టం. అప్పుడు వాడని నెలలకు సరిపడా ఇమ్మని అడగడం మేలు.

ఇవన్నీ చేసేలోపు, ఈరోజే, రెండు చోట్ల రద్దు చేయండి. ఒకటి, కంపెనీ వెబ్‌సైట్‌లో మీ అకౌంటు తెరిచి చందా ఆపండి. రెండు, బ్యాంకు యాప్‌లో మ్యాండేట్ల జాబితా తీసి ఆ కంపెనీ పేరు కొట్టేయండి. ఒకటి ఆపి రెండోది వదలకండి. ఫోన్‌లోని యాప్ స్టోర్ ద్వారా కట్టి ఉంటే మాత్రం ఆ స్టోర్ సబ్‌స్క్రిప్షన్ల పేజీలోనే ఆపాలి. ఆ జాబితాలో మీరు మర్చిపోయిన పాటల యాప్ ఏదైనా కనిపిస్తే దాన్నీ అప్పుడే తీసేయండి.