చిన్న గ్రాంటు అడిగేటప్పుడు మనిషికిచ్చే డబ్బు మొదటి లైనులో రాయండి

మీరు రెండు సంగతులు అడిగారు. ఊళ్లో రిజిస్టరైన చిన్న సొసైటీ ఉంది, లక్షో రెండు లక్షలో గ్రాంటు కోసం ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్నది ఒకటి. ప్రపోజల్ రాసిపెట్టే ఏజెంటు పది శాతం అడుగుతున్నాడు, ఇవ్వొచ్చా అన్నది ఇంకోటి. రెండోదానికి జవాబు ఒక్క ముక్కే, ఇవ్వొద్దు. మొదటిదాని గురించి మాత్రం చాలా చెప్పాలి. చీరాల వైపు ఒక పల్లెలో మేం నడిపే గ్రంథాలయ సంఘానికి లెక్కలు రాసేది, దరఖాస్తులు పెట్టేది నేనే.

నన్నడిగితే, ఎవరిని అడగాలన్న దానికంటే ఏం అడగాలన్నది ముందు తేల్చుకోవాలి. ఇచ్చేవాళ్లకి వస్తువులిష్టం. బీరువాలు, కంప్యూటర్లు, వాటర్ ప్లాంటు, ఏదైనా సరే పైన పేరు రాయించుకోవడానికి వీలుండాలి, ముందు నిలబడి ఫొటో దిగడానికి వీలుండాలి. ఆ గది తాళం రోజూ తీసే మనిషికి నెలకి నాలుగు రూపాయలివ్వమంటే మాత్రం మొహం మారిపోతుంది. మన జిల్లాల్లో తాళాలు పడ్డ కంప్యూటర్ గదులు, బూజుపట్టిన పుస్తకాల బీరువాలు ఇన్ని ఉండటానికి కారణం ఇదొక్కటే అని నా గట్టి నమ్మకం. పిల్లలు చదవడం మానేశారు, అందరూ ఫోన్లలో పడ్డారు అంటారే, అది నేను ఒప్పుకోను. తెరిచి ఉంటే వస్తారు. తెరిచే మనిషి ఉండాలి.

మా లైబ్రరీ తెరిచేది మా ఊరి కోడలే. డిగ్రీ చదివింది, ఇద్దరు పిల్లలు. ఊళ్లో సగం మంది వదినా అంటారు, నేనూ అంతే. సాయంత్రం అయిదింటికి తీసి ఎనిమిదిన్నరకి మూస్తుంది. దగ్గర్లోని ఒక ఫ్యాక్టరీ వాళ్లు చుట్టుపక్కల సంఘాలకి చిన్న సాయాలు చేస్తున్నారని తెలిసి మేం అప్లై చేశాం. బడ్జెట్‌లో మొదటి లైను వదిన గౌరవ వేతనం, నెలకి ఆరు వేల చొప్పున ఏడాదికి 72,000. తర్వాత పేపర్లు, మ్యాగజైన్లకి 18,000, కరెంటు, ఇంటర్నెట్ కలిపి 14,400, పోటీ పరీక్షల పుస్తకాలకి 15,000, ఆడిటర్‌కి 5,000. మొత్తం 1,24,400. ఆ కాగితం నాకు కంఠతా వచ్చు.

వారం తిరక్కుండానే ఫోనొచ్చింది. "జీతాలు మేం ఇవ్వమండీ, ఆ లైను తీసేసి కంప్యూటర్లు రాయండి, అయిదు దాకా శాంక్షన్ చేయిస్తాం" అన్నారు. చూడండి, లక్షా పాతికవేలు అడిగితే అంతకంటే ఖరీదైన సామాను ఇస్తామంటున్నారు. కమిటీలో పెద్ద గొడవే అయింది. వచ్చేదాన్ని కాదంటామా అని సగం మంది. మా అధ్యక్షులు రిటైరైన హెడ్‌మాస్టరు, ఆయన ఒకటే మాట పట్టుకున్నారు: "ఆ కంప్యూటర్ల మీద దుమ్ము ఎవరు తుడుస్తారో ముందు చెప్పండి." ఎవరూ నోరు మెదపలేదు. చివరికి ఆ ఫ్యాక్టరీలో ఈ సాయాలు చూసే ఆఫీసరుగారిని ఒకసారి వచ్చి చూడమని పిలిచాం. పొద్దున పదింటికి వస్తానన్నారాయన. వద్దండీ, సాయంత్రం ఆరు తర్వాత రండి అన్నాను. మీరు కూడా ఎవరినైనా పిలిస్తే పని జరిగే వేళకే పిలవండి, ఖాళీ గది చూపించి కుర్చీ వేసి టీ ఇస్తే వాళ్లకి ఏం అర్థమవుతుంది?

ఆయనొచ్చిన కాసేపటికే కరెంటు పోయింది. నాకు టెన్షన్. వదిన మాత్రం ఆయన్ని పట్టించుకోలేదు. ఛార్జింగ్ లైటు తీసుకెళ్లి పరీక్షలకి చదివే కుర్రాళ్ల బల్ల మీద పెట్టింది, చిన్నపిల్లలందరినీ అరుగు మీదికి తోలి తనే కథ చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో ఒక మామ్మ పింఛను కాగితం పట్టుకొచ్చి చదివి పెట్టమంది. వదిన కథ ఆపి, అది చదివి, ఆధార్‌లో పేరు వేరేగా పడిందని చెప్పి, ఎవరి దగ్గరికి వెళ్లాలో ఒక చీటీ మీద రాసిచ్చింది. కానిస్టేబుల్ పరీక్షకి తయారవుతున్న కుర్రాడొకడు రీజనింగ్ పుస్తకం అడిగాడు, లేదు. అప్పుడు వదిన ఒక నోటుబుక్కు తీసి రాసుకుంది.

ఆ నోటుబుక్కు ఏమిటని ఆఫీసరుగారు అడిగారు. వచ్చినవాళ్లు అడిగినవి, మా దగ్గర లేనివి అన్నీ అందులో ఉంటాయి. తేదీ, ఎవరడిగారు, ఏమడిగారు, తర్వాత తెప్పించామా లేదా. అలా రాయమని వదినకి ఎవరూ చెప్పలేదు, తనకే తోచింది. ఆయన ఫోను లైటు వేసుకుని ఆ పేజీలు చాలాసేపు తిప్పారు. ఒక పేజీని ఫొటో తీసుకున్నారు. రిబ్బను కత్తిరించే ఫొటో ఒక్కటి కూడా తియ్యలేదు. వెళ్లేముందు దారి కూడా ఆయనే చెప్పారు: "జీతం అని రాయకండి మాస్టారూ, పఠన కార్యక్రమం నిర్వహణ ఖర్చు అని రాసి, ఆమె చేసే పనులు కింద వివరంగా పెట్టండి." అలాగే పెట్టాం. ఒక్క రూపాయి తగ్గించకుండా వచ్చింది.

ఇందులో దొంగతనమేమీ లేదు, ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఆ ఫ్యాక్టరీ లాంటి కంపెనీలు లాభాల్లోంచి సమాజం కోసం పెట్టే ఖర్చుని సీఎస్ఆర్ అంటారు. దాని నిబంధనల్లో పాలనా ఖర్చులకి 5 శాతం పరిమితి ఉంది నిజమే, కానీ అది కంపెనీ తన సీఎస్ఆర్ విభాగం నడుపుకునే ఖర్చుకి. ప్రాజెక్టు పనిని నేరుగా చేసే మనిషికిచ్చే డబ్బు ఆ 5 శాతంలోకి రాదు. 2021లో సవరించిన నిబంధనల్లోనే ఈ తేడా స్పష్టంగా రాసి ఉంది. ఎవరైనా "రూల్స్ ఒప్పుకోవండీ" అంటే ఏ రూలో చూపించమని మర్యాదగా అడగండి. అలాగే 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్, తాము పనిచేసే చుట్టుపక్కల ప్రాంతాలకి ప్రాధాన్యం ఇవ్వాలని కంపెనీలకి చెబుతోంది. సీఎస్ఆర్ కింద చేయదగ్గ పనుల జాబితా అయిన ఆ చట్టం ఏడో షెడ్యూల్‌లో విద్యతో పాటు ప్రజా గ్రంథాలయాల మాట కూడా ఉంది. మీ పని ఆ షెడ్యూల్‌లో ఏ అంశం కిందికి వస్తుందో దరఖాస్తు మొదట్లోనే ఒక వాక్యం రాస్తే అవతలివాళ్లకి సగం పని తప్పుతుంది. ఎప్పుడు కలవాలంటే, వాళ్లు ఏడాది ప్రణాళిక వేసుకునే ముందు కలవాలి. మార్చి నెలాఖరులో మిగిలిన డబ్బు కోసం పరిగెత్తితే మీకు వస్తువులే అంటగడతారు, ఎందుకంటే బిల్లు త్వరగా వచ్చేది వాటికే.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో రిజిస్ట్రేషన్, సంఘం పేరు మీద పాన్, బ్యాంకు ఖాతా, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ వెబ్‌సైటు దర్పణ్ పోర్టల్ నంబరు, ఆదాయపు పన్ను వాళ్ల దగ్గర 12ఎ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (విరాళమిచ్చేవాళ్లకి మినహాయింపు) అని అందరూ పిలిచేవి, ఆ తర్వాత సీఎస్ఆర్ డబ్బు తీసుకోవడానికి నమోదు చేసుకునే సీఎస్ఆర్-1 ఫారం. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి ఆ రెండూ ఆడిటర్‌ని అడిగి పెట్టుకోండి. ఏటా సర్వసభ్య సమావేశం అయ్యాక కమిటీ జాబితా రిజిస్ట్రార్ ఆఫీసులో ఇవ్వడం చాలామంది మర్చిపోతారు, అది మాత్రం వదలకండి. సీఎస్ఆర్ డబ్బుకి మూడేళ్లు అదే రంగంలో పనిచేసిన అనుభవం చూస్తారు. మీ సంఘానికి అంత వయసు లేకపోతే ముందు ఊరి వ్యాపారుల దగ్గర, పూర్వ విద్యార్థుల దగ్గర మొదలుపెట్టండి. 80జి ఉంటే, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకి పన్ను మినహాయింపు వస్తుంది, కాకపోతే 2,000 రూపాయలు దాటిన నగదుకి రాదు, చెక్కో యూపీఐనో అడగండి.

ఇక అమెరికా వాళ్ల సంగతి. ప్రతి ఊళ్లోనూ "మనవాళ్లు డాలర్లు పంపిస్తారు" అనే మాట వినపడుతుంది. అక్కడ ఉద్యోగం చేస్తున్నా, గ్రీన్ కార్డు ఉన్నా, భారత పాస్‌పోర్టు ఉన్నంతవరకు ఆయన తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకుంటే మాత్రం, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత మూలాలవాళ్లకి ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళం, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి లేకుండా ఒక్క రూపాయి తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్ కావాలంటే మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపించాలి. ఏడాదికి లక్ష ఖర్చుపెట్టే సంఘం అది ఎక్కడ చూపిస్తుంది? ఇంతకుముందు పెద్ద సంస్థలు తమకొచ్చిన విదేశీ నిధుల్లోంచి చిన్నవాళ్లకి పంచేవి. 2020 సవరణతో అదీ ఆగిపోయింది. పల్లెల్లో పనిచేసే చిన్న సంఘాలకి దీనంత దెబ్బ ఇంకోటి తగల్లేదని నా అభిప్రాయం, దీని గురించి గట్టిగా మాట్లాడేవాళ్లు కూడా లేరు.

ఇంకో బాధ. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను మనందరం కడుతున్నాం. 1960 చట్టం నుంచీ ఉన్నదే. ఆ సొమ్ములో నాలుగోవంతు మా ఊరి దాకా వచ్చినా మేం ఎవరి గేటు ముందూ నిలబడేవాళ్లం కాదు. మాకు దగ్గర్లోనే వేటపాలెం సారస్వత నికేతనం ఉంది, 1918లో పుట్టింది. అక్కడి పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వస్తారు. ఆ పత్రికలు ఇన్నేళ్లు చెదలు పట్టకుండా ఉన్నాయంటే, తీసిచ్చి మళ్లీ సర్దిపెట్టిన మనుషులు ఉండబట్టే కదా. భవనం గురించి అందరూ చెబుతారు, వాళ్ల గురించి ఎవరూ అడగరు.

ఏజెంటు దగ్గరికి మళ్లీ వస్తే, పది శాతం గురించి నా అభ్యంతరం డబ్బు ఒక్కటే కాదు. వాళ్లు రాసే ప్రపోజల్స్ నేను చూశాను, పేరు మారిస్తే ఏ ఊరికైనా సరిపోతాయి, సాధికారత, సమగ్రాభివృద్ధి, సుస్థిరత అని పేజీలకి పేజీలు. ఆ మామ్మ కాగితం అందులో ఉండదు, వదిన నోటుబుక్కూ ఉండదు. పైగా గ్రాంటులోంచి కమిషన్ ఇస్తే ఆ ఖర్చుని, డబ్బు దేనికి వాడామో రాసిచ్చే వినియోగ పత్రంలో ఎక్కడ చూపిస్తారు? మీరు ముందు తెలుగులో రాసుకోండి, పని చేసే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, నిన్న ఏం జరిగిందో చెప్పించుకుని రాయండి. తర్వాత ఊళ్లో ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్ల ఎవరైనా ఉంటే మార్పించుకోవచ్చు, రెండు పేజీలు చాలు.

రెండో ఏడాది మేం వదిన లైనుని నెలకి 7,500 చేసి పంపాం. అప్పటికి కొత్త ఆఫీసరు వచ్చారు, మళ్లీ అదే ఫోను, అదే మాట. పాత ఉత్తర్వు కాపీ, నోటుబుక్కులోంచి నాలుగు పేజీల జిరాక్సులు పంపి, ఈసారి కూడా సాయంత్రం ఆరింటికే రమ్మన్నాం. ఏడు వేలకి ఒప్పుకున్నారు. మీ బడ్జెట్ ఏముందో ఇక్కడ పెడితే చూసి చెబుతాను, కానీ ముందు ఆడిటర్‌ని కలిసి గడిచిన ఏళ్ల లెక్కలు సంతకాలతో సహా సిద్ధం చేయించుకోండి. అందరూ మొదట అడిగేవి అవే.